పీచు చేసే పని, చేయలేని పని

ఊరు వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరుగారూ, జొన్నలూ వరిగలూ తింటే ఒంట్లో చేరిన పురుగుమందు పోతుందా?"

కొంత పోతుంది, అదీ కొన్ని మందులే. మన నాన్నల కాలంలో పత్తి మీద కొట్టిన డి.డి.టి. లాంటివి కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి ఉంటాయి. కాలేయం వాటిని కొద్దికొద్దిగా పైత్యరసంతో పేగులోకి వదులుతుంది. పేగు వాటిలో చాలాభాగాన్ని మళ్ళీ రక్తంలోకి లాగేసుకుంటుంది. ఆ తిరుగుడును తెంచాలి. 1975లో అమెరికాలోని హోప్‌వెల్‌లో కెపోన్ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు జబ్బుపడ్డారు. కొలెస్టిరమిన్ అనే పొడి ఇస్తే అది పేగులోనే విషాన్ని పట్టుకుని విరేచనంతో బయటికి తెచ్చింది. జొన్న, వరిగ, గోంగూర, చిక్కుడులోని పీచుదీ అలాంటి పనే గానీ బలం చాలా తక్కువ. అయినా తినండి, మలబద్ధకానికీ షుగరుకూ ఎలాగూ మంచిదే.

ఇప్పుడు మిరపకు కొట్టే ప్రొఫెనోఫాస్ లాంటివాటి సంగతి వేరు. అవి చర్మం గుండా దిగి గంటల్లోనే నరాలను పట్టేస్తాయి. అక్కడ పీచుకు పనేలేదు. ఒక కుర్రాడికి చెమటలు పట్టి, చొంగ కారుతుంటే ఇంట్లోవాళ్ళు మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. సాయంత్రానికి నా దగ్గరికి తెచ్చారు. కనుపాపలు గుండుసూది మొనంత అయ్యాయి. అట్రోపిన్ ఇచ్చాం. బతికాడు గానీ ఐదు రోజులు వెంటిలేటరు మీదున్నాడు. వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో కడిగి తెచ్చి ఉంటే అంతదూరం వచ్చేది కాదేమో.

మాస్టార్లకు ఒక మనవి. జీర్ణవ్యవస్థ పాఠం చెప్పే రోజున ఈ లక్షణాలు కూడా బోర్డు మీద రాయండి. పిల్లలు ఇంటికెళ్ళి చెబుతారు.