యంత్రము అడిగెడి సాక్ష్యము

ఒకప్పుడు రేడియో గల ప్రతి కుటుంబమును ఏటేట తపాలా కచేరీకి పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకములో ముద్ర వేయించుకొని వచ్చెడిది. 1980వ దశకములో ఆ పద్ధతి అంతరించినది. నేడు కంప్యూటరు విషయమున అట్టి స్థితియే మరల ఏర్పడినది. యంత్రమును కొందుము, కాని దానిని నడిపెడి ఆపరేటింగ్ సిస్టమును వాడుకొను హక్కును మాత్రమే కొందుము. ఆ హక్కు మనకు కలదా అని యంత్రమే అప్పుడప్పుడు సాక్ష్యమడుగుచుండును.

కళాశాలలు, కార్యాలయములు పెక్కు యంత్రములకు ఒకేమారు లైసెన్సు తీసికొనును. దీనినే వాల్యూమ్ లైసెన్సు అందురు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో సంస్థల కీలకు యాక్టివేషన్ అను పరీక్ష లేకుండెను. ఒక కీ బయటికి పొక్కిన చాలును, ఎందరైనను దానిని వాడుకొనగలిగిరి. ఈ దుర్వినియోగమును అరికట్టుటకై 2006 చివర సంస్థలకు అందిన విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ రెండు మార్గములను ఏర్పరచినది. మొదటిది ఎం.ఏ.కె. ఇందులో ఒకే కీని పరిమితమైన పర్యాయములు వాడవచ్చును. ప్రతి యంత్రమును మైక్రోసాఫ్ట్ వద్ద ఒక్కసారి ముద్ర పొందిన చాలును.

రెండవది కె.ఎం.ఎస్. ఇందులో సంస్థకు చెందిన సర్వరొకటి మైక్రోసాఫ్ట్ వద్ద ముద్ర పొంది, తక్కిన యంత్రములకు తానే ముద్ర వేయును. ఆ ముద్ర 180 దినములు చెల్లును. యంత్రము 7 దినముల కొకసారి సర్వరును పలుకరించి గడువును మరల పొడిగించుకొనును. అయితే కనీసము 25 యంత్రములు వచ్చి అడిగిననే గాని ఆ సర్వరు ఒక్కదానికైనను ముద్ర వేయదు. చిక్కంతయు ఈ లెక్కలోనే కలదు.

విండోస్ 7 వాడుకలోనున్న కాలమున మేము ఒక కళాశాలలో 30 కంప్యూటర్లను అమర్చితిమి. ఒక యంత్రమును సిద్ధపరచి, దాని డిస్కునకు నకళ్లు తీసి, తక్కిన 29 యంత్రములలో నింపితిమి. 30 దినముల గడువు తీరినది. ప్రతి తెరయు నల్లబడి, ఇది నిజమైన ప్రతి కాదని ప్రకటించినది. పని ఆగలేదు, పరువు పోయినది. సొమ్ము చెల్లించిన రసీదు ప్రిన్సిపాలుగారి బల్లపై నుండగా, విద్యార్థులు మమ్ము దొంగ సరకు తెచ్చినవారినిగా చూచిరి. సర్వరును పరీక్షించితిమి. దాని లెక్కలో ఉన్నది 1 మాత్రమే!

కారణము తరువాత బోధపడినది. ప్రతి యంత్రమును తన గుర్తింపు సంఖ్యను చెప్పి ముద్ర అడుగును. డిస్కుతోపాటు ఆ సంఖ్యకును నకలు తీసితిమి. ముప్పదిమందియు ఒకే పేరు చెప్పినపుడు, ఒక్కడే ముప్పదిసార్లు వచ్చినాడని గుమాస్తా భావించుటలో వింత ఏమున్నది? నకలు తీయుటకు ముందే సిస్‌ప్రెప్ అను ఉపకరణముతో మాతృకలోని ఆ గుర్తులను తుడిచివేయవలసియుండెను. అట్లు చేయలేదు గనుక, ప్రతి యంత్రమునందును రీఆర్మ్ అను ఆజ్ఞనిచ్చి, దానిని ఆపి మరల నడిపితిమి. ఒక్కొక్క యంత్రమునకును క్రొత్త సంఖ్య కలిగినది. సర్వరు లెక్క ఒక్కొక్కటిగా పెరిగినది. 24 యంత్రములకును కాదన్న సర్వరు 25వ దానికి ఔనన్నది. యాక్టివేషన్ పొందని యంత్రము 2 గంటల కొకసారి మరల అడుగును గనుక, తక్కినవియు సాయంకాలములోగా దారికి వచ్చినవి.

ఇట్టి చిక్కులకు చిన్న కారణములు ఇంకను కలవు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ క్షీణించి, గడియారము 4 గంటలకు మించి తప్పిన యెడల సర్వరు ముద్ర నిరాకరించును. 1688వ సంఖ్య గల పోర్టు మూసియున్నచో అసలు సంభాషణయే జరుగదు. సొంత ఇంటికి తీసికొనిపోయిన ల్యాప్‌టాప్ ఆరు నెలలు సంస్థ నెట్‌వర్కు ముఖము చూడనిచో దాని ముద్ర చెల్లకపోవును.

తప్పు ఎల్లప్పుడును వాడువారిదే యనుటకును వీలులేదు. 2019 జనవరి 8వ తేదీన మైక్రోసాఫ్ట్ తన యాక్టివేషన్ సర్వర్లలో చేసిన మార్పు వలన, కె.ఎం.ఎస్. ద్వారా ముద్ర పొందిన విండోస్ 7 యంత్రములు కొన్ని తాము నిజమైనవి కావని ప్రకటించినవి. మరునాడు ఆ మార్పును ఉపసంహరించిరి. ఆ ఒక్క దినము నిజాయితీపరులే నిందితులైరి.

కావున తెరపై కనబడిన ఆరోపణనే తీర్పుగా భావింపరాదు. యంత్రము ఎరిగినది లెక్క మాత్రమే. మన ఒప్పంద పత్రమును అది చదువలేదు. ఆ పత్రమును, రసీదును, ఏ కీ ఏ యంత్రమునకు వాడితిమను పట్టికను భద్రపరచవలెను. చిక్కు వచ్చిన నాడు, బజారులో దొరకెడి దొంగ కీల జోలికి పోక, మొదట గడియారమును, పిదప సర్వరు లెక్కను చూడవలెను. హక్కును కొనుట ఒక యెత్తు, దానిని ఋజువు చేయగలుగుట ఒక యెత్తు. రేడియో లైసెన్సు పుస్తకమును పెట్టె అడుగున పదిలముగా దాచిన మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు.