బెల్లం మనది, పేరూ మనదే కావాలి

(అనకాపల్లి ప్రాంత చెరకు, బెల్లం రైతుల సమావేశంలో సంఘం నాయకుడు చేసిన ప్రసంగ పాఠం)



గానుగ కాలం దగ్గరికొచ్చింది. సంక్రాంతి నాటికి మన ఊళ్ల చుట్టూ పాకం వాసన కమ్ముకుంటుంది. దారినపోయేవాడు ఆ వాసన పీల్చి, ఈ ఊళ్లకేం లోటు అనుకుంటాడు. పెనం దగ్గర నిలబడేవాళ్లం మనం. మనకు తెలుసు అసలు సంగతి. నిరుడు చెరకు వేసినవాళ్లలో ఎంతమంది ఈ ఏడు ఆ పొలంలో సరుగుడు నాటారో ఒక్కసారి మీ చుట్టూ చూసి లెక్కపెట్టండి.

చెరకుకు కేంద్రం ఏటా ఒక ధర ప్రకటిస్తుంది. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ ఉన్న చెరకు క్వింటాలుకు 355 రూపాయలన్నారు. అది చక్కెర ఫ్యాక్టరీకి తోలిన చెరకుకు మాత్రమే. అదే చెరకు మనం బెల్లం వండితే దానికి మద్దతు ధర లేదు. టన్ను చెరకు ఆడిస్తే సుమారు 100 కిలోల బెల్లం వస్తుంది. అందులోనే నరికినవాళ్ల కూలి, బండి బాడుగ, క్రషరు ఖర్చు, వంటవాళ్ల కూలి అన్నీ తీయాలి. మిగిలింది మనది. ఎంత మిగలాలో నిర్ణయించేది మనం కాదు, యార్డులో దిమ్మ రంగు చూసేవాడు.

ఈ రంగు దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే మన మెడకు పడిన ఉచ్చు అదే.

తెల్లగా, పసుపు పచ్చగా మెరిసే దిమ్మకు ఎక్కువ ధర. ఎర్రగా, నల్లగా ఉన్నదానికి తక్కువ. అందుకని పాకంలో హైడ్రోస్ వేస్తున్నాం. దాచుకోవద్దు, ఇది మన ఇంట్లో సభ. ఆ మందు వేసిన బెల్లం కొన్ని వారాలు మెరుస్తుంది, తర్వాత మళ్లీ నల్లబడుతుంది, నిల్వకు ఆగదు. మన పిల్లలకు పెట్టే బెల్లంలో మనం వేయం. పక్కకు తీసి విడిగా వండుకుంటాం. మనం తినని సరుకు అమ్మి ఎన్నాళ్లు బతుకుతాం?

అలాగని ఒక్కడే హైడ్రోస్ మానేస్తే ఏమవుతుంది? వాడి దిమ్మకు ధర కోస్తారు. పక్కవాడిది మెరుస్తుంటుంది కదా. పైగా బాగా నల్లగా ఉంటే అది సారా బట్టీకి పోతుందేమోనని అనుమానం. కాబట్టి ఇది ఒంటరి రైతు మంచితనంతో తేలే పని కాదు. ఊరంతా కలిసి మానితేనే మానినట్టు.

కొన్నేళ్ల కిందట మా ఊళ్లో పది కుటుంబాలం ఈ ప్రయత్నం చేశాం. మందు లేని బెల్లం వండి, కిలో అచ్చులుగా పోసి, పట్నంలో ఒక దుకాణానికి నేరుగా పంపాం. మొదటి రెండు లోడ్లకు యార్డు ధర కన్నా బాగానే మిగిలింది. మూడో లోడుకు ఆర్డరు పెద్దది వచ్చింది. మాకు సరుకు చాలలేదు. మాలో ఒకరు, పేరు అనవసరం, యార్డుకని వండిన బెల్లం కలిపారు. దుకాణంవాళ్లు పరీక్ష చేయించి లోడు వెనక్కి పంపారు. లారీ బాడుగ రెండు వైపులా మేమే కట్టుకున్నాం. ఆ తర్వాత పదిమందిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఆ కలిపినాయన మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, తప్పు ఆయనొక్కడిదే కాదు. మాకు రాసుకున్న కట్టుబాటు లేదు, తనిఖీ లేదు, ‘సరుకు ఇంతే ఉంది, ఇంతకన్నా పంపలేం’ అని చెప్పే ధైర్యం లేదు. వ్యాపారం పెరగడం చూసుకున్నాం గానీ అది నిలబడడం చూసుకోలేదు.

కొంతమంది మిత్రులు అడుగుతున్నారు: సంఘం పని పోరాడడం గానీ వ్యాపారం చేయడమా? న్యాయమైన ప్రశ్నే. జవాబుకు ఆనంద్ దాకా వెళ్దాం.

గుజరాత్ కైరా జిల్లాలో పాడి రైతుల పాలన్నీ పోల్సన్ అనే ఒక్క కంపెనీ చేతుల్లోకి పోయేవి. వాళ్లు చెప్పిందే ధర. రైతులు సర్దార్ పటేల్ దగ్గరకు వెళ్తే, మీరే సహకార సంఘం పెట్టుకుని పాలు అమ్ముకోండని సలహా ఇచ్చారు. ఒప్పుకోకపోతే పాలు పోయడం ఆపేశారు. పదిహేను రోజులు ఒక్క చుక్క అమ్మలేదు. ఆ సమ్మె నుంచే 1946లో కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం పుట్టింది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రెండు ఊళ్ల సొసైటీలతో, రోజుకు 247 లీటర్లతో మొదలైంది. కురియన్ వచ్చింది ఆ తర్వాత, 1949లో. అదే ఇవాళ్టి అమూల్. అంటే పోరాటం, వ్యాపారం వేరు వేరు దారులు కావు. పాలు ఆపగలిగిన ఐక్యత ఉంది గనకే పాలు అమ్మగలిగారు.

అంత దూరం వద్దనుకుంటే ముల్కనూరు చూడండి. భీమదేవరపల్లి మండలంలో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. అప్పు ఇవ్వడం, పంట కొనడం, అమ్మడం అన్నీ ఒకే గొడుగు కింద. ఆ నేల మీదే 2000లో మహిళలు తమ డెయిరీ పెట్టుకున్నారు. పాలు పోసేది వాళ్లే, పాలకవర్గమూ వాళ్లే. ‘స్వకృషి’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులోనే అంతా ఉంది.

మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఏ ఒక్క దుకాణందారు పేరునా రాలేదు, తయారీదారుల సంఘం పేరున వచ్చింది. ఇంటింటా ఆడవాళ్లు బోర్లించిన కుండ మీద రేకు తీసే పనితనానికి అది రక్షణ. అయితే గుర్తింపు కాగితం దానంతటది సరుకు అమ్మిపెట్టదు. కాగితం వెనక కట్టుబాటు ఉంటేనే దానికి విలువ.

ఇక్కడ మీలో కొందరి మనసులో మాట నాకు వినిపిస్తోంది. ‘సహకారం సంగతి మాకు చెప్పకు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు మూతపడడం ఈ కళ్లతోనే చూశాం’ అని. నిజమే. ఆ గాయం మానలేదు. వాటిని తెరిపించాలన్న మన డిమాండూ వదలలేదు. కానీ ఒక పాఠం నేర్చుకోవాలి. సహకారం అని బోర్డు మీద రాస్తే చాలదు, సభ్యుడి మాట చెల్లాలి. మన రాష్ట్రంలో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద సంఘంలో ప్రభుత్వ వాటా ఉండదు. సభ్యుల డబ్బు, సభ్యుల పెత్తనం. ముల్కనూరు మహిళల డెయిరీ ఆ చట్టం కింద పెట్టుకున్నదే. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దారీ ఉంది, అందులోనూ వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒక్క ఓటే. ఏ దారైనా సరే, లెక్కల పుస్తకం మన ముందు తెరిచి ఉండాలి.

అందుకని ఈ సీజనుకు నా ప్రతిపాదనలు చెప్తాను. చర్చించండి, మార్చండి.

ఒకటి, ఊరికి ఒకే పొయ్యి, ఒకే షెడ్డుతో మొదలుపెడదాం. అక్కడ హైడ్రోస్ డబ్బా గుమ్మం దాటకూడదు. మడ్డి తీయడానికి బెండ జిగురు, తగుపాటి సున్నం చాలు, మన తాతలు చేసిందదే. ప్రతి వంటకీ నంబరు వేసి, నమూనా దాచాలి. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో తెలియాలి.

రెండు, పెద్ద దిమ్మ ఒక్కటే కాకుండా కిలో, అరకిలో అచ్చులు, పొడి కూడా చేద్దాం. నలుగురున్న ఇంట్లో పెద్ద దిమ్మ ఎవరు కొంటారు? వానాకాలం చెమ్మకు కరిగి కారేదీ అదే. మన అనకాపల్లి పరిశోధనా స్థానంలో బెల్లం మీద పనిచేసిన శాస్త్రవేత్తలున్నారు. వాళ్లను పిలిచి నేర్చుకుందాం.

మూడు, మొదట మన జిల్లా. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు. రెండింటికీ బెల్లమే కావాలి. అది మందు లేని స్థానిక బెల్లమే కావాలని, నేరుగా రైతు సంఘాల నుంచే కొనాలని కలెక్టరు గారికి వినతిపత్రం ఇద్దాం, అవసరమైతే ధర్నా చేద్దాం.

నాలుగు, సభ్యత్వం పట్టాదారు పాసుపుస్తకం చూసి ఇవ్వొద్దు. కౌలు రైతు ఉండాలి. అచ్చులు పోసి, తూచి, ప్యాకెట్లు కట్టే ఆడవాళ్లు కూలీలుగా కాదు, సభ్యులుగా ఉండాలి. వాళ్లకు ఓటుండాలి.

ఐదు, బెల్లం తూచిన వారంలోగా డబ్బు చేతికి రావాలి. అప్పు తీర్చే తొందరలో ఉన్న రైతు నెలల తరబడి ఆగలేడు. ఆగలేకే వర్తకుడి దగ్గరకు వెళ్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. దీనికి బ్యాంకు పెట్టుబడి కావాలి. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో యూనిట్‌కు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ పెట్టారు. కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడిన రాయితీ. రాయితీ కోసం యూనిట్ పెట్టొద్దు. యూనిట్ నిలబడుతుందని లెక్క తేలాకే దరఖాస్తు పెట్టండి.

ఆరు, మాకు చేతకాని పని మీరు చేయండి. చాలినంత సరుకు లేనప్పుడు ‘లేదు’ అని చెప్పండి. నిరుడు వంద కిలోలు అమ్మితే ఈ ఏడు రెండు వందలు చాలు. పిప్పి పొయ్యికి సరిపోవాలి, చెరకు ఆకు తగలబెట్టకుండా నేలకే పోవాలి, బోరు ఎండకూడదు. చెరకు, నీళ్లు, మనుషులు ఎంత మోయగలరో అంతే పెరుగుదాం.

మద్దతు ధర కోసం మన పోరాటం దీంతో ఆగదు. సంఘం పెట్టుకున్నారు కదా, ఇక మీ బాగు మీరే చూసుకోండని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. కానీ మన చేతిలో ఉన్న పనిని రేపటికి వాయిదా వేయడానికి ఆ పోరాటాన్ని సాకుగా చూపొద్దు.

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు జనం బెల్లాన్నే బంగారమని మొక్కుకుంటారు. జనం బంగారమన్న సరుకు వండే మనం ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాం. ఇక చాలు. ఈ సాయంత్రం వెళ్లేలోపు ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లుగా కూర్చోండి. హైడ్రోస్ లేకుండా మొదటి పెనం దింపడానికి ఎవరు సిద్ధమో పేర్లు రాయండి. ఆ కాగితంలో మొదటి పేరు నాది రాసుకోండి.

సెలవు.