చందా పుస్తకంలో సొంత ఊరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1978లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. 1981లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, 2022లో అక్కడే రిటైరయ్యాను. అందుకని సంఘం పెద్దలు నన్ను "పరాయి రాష్ట్రంలో మనవాళ్లు ఎలా ఉంటున్నారో చెప్పండి" అన్నారు. ఏడాది పొడవునా సంగతి చెప్పాలంటే ఈ పూట చాలదు. దసరా నుంచి కార్తీకం దాకా ఉన్న ఆ రెండు నెలల గురించి చెబుతాను. అక్కడ మేం తెలుగువాళ్లమన్నది మాకు బాగా గుర్తొచ్చే రోజులవి. ఇక్కడ మీకు తుఫాన్లు వచ్చే రోజులూ అవే.

మన ఉద్దానం మనుషులకు ఊరు దాటడం కొత్తకాదు. మా తాతల కాలంలో రంగూన్ వెళ్లేవారు. తర్వాత ఖరగ్‌పూర్, కలకత్తా, అండమాన్. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు వర్క్‌షాపు పెట్టిన తొలి రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి జనం వెళ్తూనే ఉన్నారు. పలాసలో రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. ఆ స్టేషన్లో కిలోమీటరు దాటిన ప్లాట్‌ఫారం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. మొదటిసారి దిగినప్పుడు ఆ ప్లాట్‌ఫారం చివర నిలబడి, ఎటు పోవాలో తెలియక, పక్కనున్న కూలీని నాకొచ్చిన రెండు ముక్కల హిందీలో అడిగాను. "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులో అడిగాడు. అతనిది సోంపేట దగ్గర పల్లె.

అక్కడ శరదృతువు తెల్లవారుజామున రేడియోతో మొదలవుతుంది. మహాలయ అమావాస్య నాడు నాలుగు గంటలకు ఆకాశవాణిలో మహిషాసురమర్దిని కార్యక్రమం వస్తుంది. 1931 నుంచి వస్తోందట. బెంగాలీ ఇళ్లన్నింట్లో అదే మోత. మనకది పెద్దలకు తర్పణాలు వదిలే రోజు. మొదటి ఏడాది నాకు నిద్రాభంగం అనిపించింది. పదో ఏడాదికి అది వినకపోతే దసరా వచ్చినట్టు ఉండేది కాదు.

మన పూజకీ వాళ్ల పూజకీ లెక్క తేడా. మనం పాడ్యమి నాడే కలశం పెట్టి తొమ్మిది రాత్రులు చేస్తాం. వాళ్లకు అసలు సందడి షష్ఠి నుంచి దశమి దాకా అయిదు రోజులే. అందుచేత మొదటి అయిదు రోజులు మా క్వార్టర్స్‌లో మేం మాత్రమే పండగలో ఉండేవాళ్లం. ఆ తర్వాత ఊరంతా కలిసేది. దశమి నాడు మేం జమ్మికొమ్మకు పూజ చేసుకుని వచ్చేసరికి, పక్కింటి బెంగాలీ వదినగారు కొబ్బరి లౌజు ఉండలు పళ్లెంలో పట్టుకుని గుమ్మంలో ఉండేది. ఆ కొబ్బరి మనదే. మా అమ్మ ఏటా దసరాకి ముందు ఒక బస్తా కాయలు ఎవరో ఒకరి చేత రైల్లో పంపేది. అందులో సగం ఆ వదినగారింటికి వెళ్లి, ఉండలై తిరిగొచ్చేవి.

దీపావళి రాత్రి వాళ్లకు కాళీపూజ. మా పిల్లలు గోగు కాడలకు గుడ్డ వత్తులు కట్టి నేల మీద కొడుతుంటే బెంగాలీ పిల్లలు చుట్టూ చేరి చూసేవారు. నాగుల చవితికి మాత్రం పెద్ద చిక్కు. పుట్ట కావాలి కదా! రైల్వే లైను వెనక ఒక పుట్ట ఉండేది. ఏటా అక్కడే పాలు పోసేవాళ్లం. ఒక ఏడాది ఆ స్థలం చదును చేసేశారు. నలుగురం సైకిళ్ల మీద పుట్ట కోసం సాయంత్రం దాకా తిరిగాం. కార్తీకంలో కంసావతి ఒడ్డున వనభోజనాలు. ఉసిరి చెట్టు దొరకని ఏడాది కుండీలో ఉసిరి మొక్క తీసుకెళ్లి, దాని పక్కన కూర్చుని తిన్నాం.

ఇదంతా చందాలతో నడిచేది. వినాయక చవితి కాగానే ఇద్దరిద్దరం సాయంత్రాలు లైన్ల వెంట తిరిగేవాళ్లం. చందా పుస్తకంలో నాలుగు గడులు: పేరు, క్వార్టర్ నంబరు, సొంత ఊరు, మొత్తం. సొంత ఊరు గడి ఎందుకు వచ్చిందంటే, ఒకే పేరూ ఒకే ఇంటిపేరూ ఉన్నవాళ్లు ముగ్గురు ఉండేవారు. ఒకరి చందా ఇంకొకరి పేరున రాసి, ఒకసారి తగువైంది. అప్పటి నుంచి ఊరు కూడా రాయడం అలవాటైంది. 2009 నుంచి ఆ పుస్తకం నా దగ్గరే ఉండేది. కోశాధికారిని నేను.

ఇక అసలు సంగతికి వస్తాను.

తుఫాను, దసరా కలిసి రావడం మనకు తెలిసిందే. 2013లో ఫైలిన్ తీరం దాటింది అక్టోబరు 12న, దుర్గాష్టమి నాడు. 2018లో మేం అక్టోబరు 10న కలశం పెట్టాం. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మీలో చాలామంది ఆ రాత్రి ఇక్కడే ఉన్నారు. దాని గాలి ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. మేం దూరాన టీవీలో చూశాం. ఫోన్ చేస్తే ఎవరికీ కలవదు. మా అమ్మకి అప్పుడు 76 ఏళ్లు. ఇంట్లో ఒంటరిగా ఉంది.

12న సాయంత్రం కమిటీ కూర్చుంది. అష్టమి రాత్రి స్టేజీ ప్రోగ్రాం, ఆర్కెస్ట్రా పెట్టుకుని ఉన్నాం. అది మానేసి ఆ డబ్బు ఉద్దానం పంపుదామని ఒకాయన అన్నాడు. ఆయనది గోదావరి జిల్లా. మన జిల్లా వాడినై ఉండి, కాదన్నది నేను. "ఇది పూజకని ఇచ్చిన డబ్బు. ఇచ్చినవాళ్లను అడక్కుండా దారి మళ్లించడానికి వీల్లేదు" అన్నాను. లెక్క ప్రకారం నా మాట తప్పు కాదు. కానీ అప్పుడు నేను లెక్క కోసం మాట్లాడలేదు. రెండు రోజులుగా అమ్మ ఫోన్ కలవలేదు. పంపుదామంటే ఎవరో వెళ్లాలి. వెళ్తే అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనని భయం. ఆ భయాన్ని పుస్తకం వెనక దాచుకున్నాను. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, ఇవాళ మీ ముందు అంటున్నాను.

ఆ గోదావరాయన కోప్పడలేదు. "అయితే అడుగుదాం, పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నాడు. రెండు సాయంత్రాలు మళ్లీ లైన్లన్నీ తిరిగాం. ఒక్క ఇంటివాళ్లు మాత్రం పూజకైతేనే అన్నారు. వాళ్ల చందా వాళ్లకు తిరిగి ఇచ్చేశాం. అది వాళ్ల హక్కు. మిగిలినవాళ్లలో చాలామంది ఇంకో నోటు కలిపారు. పక్కింటి వదినగారు విని, "మీ అమ్మగారు అక్కడుంటే ఇంకా ఇక్కడ ఏం చేస్తున్నారు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

తిరుగుతున్నప్పుడే సొంత ఊరు గడి విలువ తెలిసింది. పుస్తకం తెరిస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి అని ఊళ్లవారీగా మనుషులు దొరికారు. ఎవరి ఊరి సంగతి ఎవరికి తెలిసిందో రాసుకున్నాం. ఒకరికి మందస ఫోన్ కలిస్తే వాళ్ల ద్వారా పక్క ఊరి కబురు. మూడో రోజుకి మా ఊరి నుంచి కూడా ఒక కబురు వచ్చింది. ట్రాక్టర్ బ్యాటరీకి ఎవరో ఫోన్ ఛార్జింగ్ పెట్టారట. అమ్మ క్షేమం. ఇంటి రేకులు లేచిపోయాయి.

15న రాత్రి ఆరుగురం రైలెక్కాం. టార్పాలిన్లు, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, నాలుగు మూటల పాత బట్టలు పట్టుకెళ్లాం. పాత బట్టలు ఎవరికీ అక్కర్లేకపోయింది. వాటిని మోసుకెళ్లినందుకు మాకే సిగ్గేసింది. కావలసింది కరెంటు లేక ఆగిపోయిన మోటార్లకు జనరేటరు, దానికి డీజిలు. కూలిన చెట్లు కోయడానికి రంపాలు. ఉన్న డబ్బుతో అవే చూశాం. దూరంగా ఉండి సాయం చేద్దామనుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి "ఏం కావాలి?" అని అడగాలని ఆ రోజు నేర్చుకున్నాం.

మా అయ్య వేసిన 42 కొబ్బరి చెట్లలో ఆరు నిలబడ్డాయి. మిగిలినవి కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని మొవ్వు విరిగిపోయాయి. జీడిచెట్లు చెప్పనక్కర్లేదు. అమ్మ వాకిట్లో కూర్చుని కొబ్బరాకు చీల్చి ఈనెలు తీస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. మొదట అడిగింది ఇదీ:

"ఏట్రా, అక్కడ పండగ బాగా సేసినారా?"

"ఈసారి స్టేజీ పోగ్రాం మానేసేం అమ్మా."

"మానేస్తే మానేసినారు గానీ, పూజ మానీకండి. మీరందరూ ఏడాదికోపాలి ఒకసోట కూసోకపోతే, ఇయ్యాల ఈ ఐదుగురు నీ ఎనకాల ఒచ్చీవోరా?"

ఆ ఐదుగురిలో ముగ్గురిది మన జిల్లాయే కాదు. వాళ్లలో గోదావరాయన ఉన్నాడు. మా ఇంటి కప్పు మీద టార్పాలిన్ కట్టింది ఆయనే.

అప్పటిదాకా నేను మా పండగల్ని పరాయి చోట కాలక్షేపం అనుకునేవాణ్ని. ఊరి మీద బెంగ తీరడానికి చేసుకునేవి అనుకునేవాణ్ని. కానీ ఏటా ఇంటింటికీ తిరిగి, పేరూ ఊరూ అడిగి రాసుకోకపోతే, ఆ వారం మేం ఎవరింటి తలుపు తట్టాలో మాకే తెలిసేది కాదు.

ఇప్పుడు అక్కడ రోజులు మారాయి. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషం. కానీ మా మనవరాలు ఒకే వాక్యంలో తెలుగు, హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతుంది, తెలుగు చదవలేదు. పోయిన దసరాకి చందా పుస్తకం దానికిచ్చి తిప్పాను. సొంత ఊరు గడిలో "ఖరగ్‌పూర్" అని రాసుకుంది. తప్పని ఎలా అనను? అది పుట్టింది అక్కడే. దాని కింద నేను "పూండి" అని కలిపాను. అది ఊరుకుంది.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఇన్నేళ్లుగా ఏటా పిలిచి కూర్చోబెట్టినవాళ్లకు దండం పెడుతున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. సంఘానికి అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. పేరు, చదివిన సంవత్సరం, ఇప్పుడుంటున్న ఊరు, ఫోన్ నంబరు. వీటితో పాటు ఇంకో రెండు గడులు: ఇక్కడ ఇంట్లో ఎవరున్నారు, వాళ్ల పొరుగింటి ఫోన్ నంబరు ఎంత. ఏటా వినాయక చవితి వెళ్లగానే ఒకసారి సరిచూడండి. తుఫాను అక్టోబరులో వస్తుంది. అప్పుడు రాసుకుందామంటే కుదరదు. ఈ పనికి కావలసిన పుస్తకాలు, రాతకోతల ఖర్చు నేను పెట్టుకుంటాను.

2019 వానల్లో అమ్మ దగ్గరుండి వేయించిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. తిత్లీ తర్వాత ఇన్నేళ్లకు పోయిన దసరాకి ఒక బస్తా కాయలు ఖరగ్‌పూర్ వెళ్లాయి. దశమి నాడు వదినగారు పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.