ఫోను బతికింది, అందులో రాసింది బతకలేదు

పొదుపులు, బ్యాంకు లింకేజీ లెక్కలు అధ్యక్షురాలక్క ఇప్పటికే చెప్పారు. మేము ఫోను రిపేరు గురించి నాలుగు మాటలు చెబుతాం. నవ్వకండి, మన లెక్కలు సగం ఇప్పుడు ఫోనులోనే ఉంటున్నాయి.

మా సంఘంలో మిషను కుట్టే చెల్లి ఒకామె ఉంది. కొలతలు, జాకెట్ల మోడళ్లు, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఫోనులోనే పెట్టుకునేది. సరిగ్గా పెళ్లిళ్ల సీజనులో ఆ ఫోను చచ్చిపోయింది. అంతకు ముందు నెల రోజులుగా నెమ్మదించింది, తనంతట తానే ఆగి మళ్లీ మొదలయ్యేది. చివరికి కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయింది. మేము నలుగురం కలిసి టౌనుకు తీసుకెళ్లాం. మొదటి షాపతను విప్పకుండానే "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండమ్మా" అన్నాడు. రెండో అతను ఛార్జరు, బ్యాటరీ చూసి, కంప్యూటరుకు తగిలించి చూసి, "స్టోరేజీ చిప్పు పోయింది, మార్చొచ్చు" అన్నాడు.

దాన్ని ఈఎంఎంసీ అంటారట. వేలిగోరంత ఉంటుంది. ఫొటోలే కాదు, ఫోనును నడిపించే సాఫ్ట్‌వేరు కూడా అందులోనే ఉంటుంది. పలక మీద రాసి తుడిచి, రాసి తుడిచి అరిగినట్టు అదీ అరుగుతుంది. నిండా కుక్కి వాడితే ఇంకా తొందరగా పోతుంది. దాని అడుగున 153 చిన్న చిన్న టంకం చుక్కలు. వేడిగాలి మిషనుతో ఆ టంకం కరిగించి పాతది ఎత్తాడు, చోటు శుభ్రం చేశాడు, కొత్తది చుక్కకు చుక్క కలిపి కూర్చోబెట్టాడు. పక్కనున్న ప్రాసెసరుకు వేడి ఎక్కువైతే అసలుకే మోసం. ముగ్గేసే చేతికున్నంత ఓపిక కావాలి దానికి.

అయితే పని మొదలుపెట్టక ముందే చెల్లి అడిగింది, "మరి నా కొలతలో?" అని. అతను దాచలేదు. కొత్త చిప్పంటే కొత్త పలకే. పాతది కొంచెం పలికినా ప్రయత్నించొచ్చు, ఇది పలకడం లేదన్నాడు. పైగా ఇప్పటి ఫోన్లలో రాసిందంతా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి ఆ ఫోను ప్రాసెసరుతోనే ముడిపడి ఉంటుంది. చిప్పు తీసి వేరే చోట చదివినా ఒక్క అక్షరం అర్థం కాదు.

చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. కొత్త ఫోను కొన్నా ఆ కొలతలు రావు, అప్పు మాత్రం మిగులుతుంది. అందుకే రిపేరే చేయించింది.

గూగుల్ ఖాతాలో ఉన్న నంబర్లు తిరిగొచ్చాయి. మెమరీ కార్డులో ఉన్న ఫొటోలు పోలేదు. డబ్బు బ్యాంకులోదే కదా, సిమ్ముతో యాప్ మళ్లీ నమోదు చేసుకుంటే సరిపోయింది. వాట్సాప్‌లోవి మాత్రం రాలేదు, బ్యాకప్ లేదు. కొలతల కోసం ఇంటింటికీ టేపు పట్టుకుని తిరిగింది. బాకీ సంగతి ఒకరిద్దరు మరిచిపోయారట, వాళ్ల పేర్లు ఈ సభలో చెప్పం లెండి.

ఇంకొకటి. చిప్పు మార్చాక షాపు దగ్గరే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కండి. వచ్చే ఐఎంఈఐ నంబరు ఫోను డబ్బా మీది నంబరుతో సరిపోవాలి. వేరేది ఉంటే ఒప్పుకోకండి, ఆ నంబరు మార్చడం చట్టరీత్యా నేరం. పాత చిప్పు కూడా అడిగి తెచ్చుకోండి.

భోజనాలయ్యాక మేము వెనక వరుసలో కూర్చుంటాం. బ్యాకప్ ఎలా పెట్టాలో తెలియనివాళ్లు ఫోను, గూగుల్ పాస్‌వర్డు గుర్తు చేసుకుని రండి. పాస్‌వర్డు మాకు చెప్పొద్దు, మీరే కొట్టండి.