సెల్ఫ్ తిరగని ట్రాక్టరు

కాలువకు నీళ్లొచ్చాయి. దమ్ము చక్రాలు బిగించి తాళం తిప్పితే, పాత ట్రాక్టరు 'టక్' మని ఆగిపోయింది. కంగారుపడి కొత్త బ్యాటరీ కొనకండి.

హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీలో బలం లేదు, లేదా తీగ వదులు. వెలుగు తగ్గకపోతే సోలినాయిడ్‌ని (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చుని), సెల్ఫ్ మోటారుని చూపించాలి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గరుంటుంది.

నాగాయలంక, కోడూరు, బందరు వైపు ఉప్పుగాలి కదా, బ్యాటరీ టెర్మినళ్లకు చిలుము తొందరగా పడుతుంది. నన్నడిగితే ముందు వెతకాల్సింది అక్కడే. ఎర్త్ తీగ ముందు విప్పండి, చివర బిగించండి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆరాక వాజలిన్ రాయండి. ఎర్త్ తీగ రెండో కొస ఛాసిస్‌కి తగిలేచోట బురద కింద తుప్పుంటుంది. దాన్ని చాలామంది మరిచిపోతారు.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను. టైరు పక్కన నిలబడి, స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ టెర్మినళ్లు కలపొద్దు. గేరులో ఉంటే బండి మనిషి మీదికే వస్తుంది.