అంకెలను ప్రశ్నించడం నేర్చుకుందాం
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి డ్యూటీల వలన అనారోగ్యం పెరుగుతున్నదని మనం కోర్కెల పత్రాలలో వ్రాస్తున్నాము. "రుజువేది?" అని యాజమాన్యం అడుగుతున్నది. దీనికి ఆవేశం సమాధానం కాజాలదు. పరీక్షకు నిలిచే అంకెలు కావలెను.

లండన్ బస్సు కార్మికులను పరిశీలించి డాక్టర్ జెర్రీ మోరిస్, ఆయన సహచరులు 1953లో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చొనే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులలో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉన్నది. తపాలా శాఖలో సైతం, కూర్చొని పనిచేసే గుమాస్తాల కంటే ఉత్తరాలు పంచే పోస్ట్‌మెన్‌కు తక్కువే.

ఇటువంటి తేడా కాకతాళీయం కావచ్చునా? దీనిని తేల్చుటకు కార్ల్ పియర్సన్ 1900లో ప్రతిపాదించిన కై-స్క్వేర్ పరీక్ష ఉపకరిస్తుంది. ఒక ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం. రాత్రి డ్యూటీలోని 100 మందిలో 40 మందికి, పగటి డ్యూటీలోని 100 మందిలో 20 మందికి నిద్రలేమి ఉన్నదనుకొందాం. మొత్తం 200 మందిలో బాధితులు 60 మంది. డ్యూటీకి, నిద్రలేమికి సంబంధమే లేకుంటే ప్రతి వంద మందిలో 30 మంది చొప్పున ఉండవలెను. ఉండవలసిన సంఖ్యకు, ఉన్న సంఖ్యకు గల తేడాను వర్గం చేసి, ఉండవలసిన సంఖ్యతో భాగించవలెను. బాధితులకు, బాధ లేనివారికి, రెండు డ్యూటీలలోను ఇట్లే లెక్కించి కూడితే 9.52 వస్తుంది. సంబంధం లేనప్పుడు ఈ మొత్తం 3.84ను దాటడం నూటికి 5 సార్లు మాత్రమే జరుగుతుంది. కనుక ఈ తేడాను కాకతాళీయమని కొట్టివేయడం కష్టం.

అదే నిష్పత్తిలో 20 మందికి 8, 20 మందికి 4 అయితే, వచ్చేది 1.90 మాత్రమే. సంబంధం లేదని దీని అర్థం కాదు. సాక్ష్యం చాలదని అర్థం. నలుగురి అనుభవం చాలదు, నాలుగు వందల మంది వివరాలు కావలెననుట ఇందుకే.

పరీక్ష నెగ్గినంత మాత్రాన కారణం తేలినట్లు కాదు. మోరిస్ బృందమే 1956లో బస్సు సిబ్బంది యూనిఫారాల కొలతలు పరిశీలించగా, యువకులలో సైతం డ్రైవర్ల నడుము కొలత కండక్టర్ల కంటే పెద్దదని తేలింది. అనగా తేడాలో కొంత భాగం పని వలన గాక, ఆ పనిలో చేరిన మనుషుల శరీర తత్వం వలన కూడా కావచ్చును. తమ వాదనకే ఎదురు ప్రశ్న వేసుకొన్న ఆ నిజాయితీ మనకు ఆదర్శం కావలెను.

కావున బ్రాంచీలలో వివరాలు సేకరించేటప్పుడు ఫిర్యాదు చేసినవారినే గాక, జాబితాలోని అందరినీ అడగండి. వయస్సు, సర్వీసు కాలం నమోదు చేయండి. జబ్బుపడి రాత్రి డ్యూటీ నుండి పగటికి మారినవారిని ప్రత్యేకంగా గుర్తించండి; వారిని పగటి లెక్కలో కలిపితే మన కష్టం అంకెలలో మాయమవుతుంది.

యాజమాన్యం అడగబోయే ప్రశ్నలన్నీ ముందుగా మనమే అడుగుకొందాం. అప్పుడు చర్చల బల్ల ముందు మన మాటకు విలువ పెరుగుతుంది.