"నీ ఒళ్ళే అంత" అంటే ఊరుకోవద్దు
(సిద్దిపేటలో బీడీ కార్మిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చేసింది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తునికాకు, ఆ పక్కనే నేను. అమ్మకు గుండెదడ వస్తుండేది. అదే గదిలో కూర్చుని బీడీలు చేసిన మా చిన్నమ్మకు ఏమీ కాలేదు. "దానికి లేని రోగం నీకెందుకు? నీ ఒళ్ళే అంత" అనేవారు అందరూ. అమ్మ కూడా నమ్మింది. ఆ మాట గురించే ఇవాళ మాట్లాడతాను.

తంబాకులో నికోటిన్ ఉంటుంది. మనం బీడీ తాగకపోయినా అది చేతుల చర్మం గుండా, పీల్చిన దుమ్ముతో ఒంట్లోకి పోతుంది. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. దాన్ని విరగ్గొట్టే పని ఎక్కువగా కాలేయంలోని ఒక ఎంజైముది. ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. కొందరి ఒంట్లోంచి నికోటిన్ తొందరగా పోతుంది, కొందరిలో చాలాసేపు నిలుస్తుంది.

దీనికి కట్టెల పొయ్యి పొగ తోడవుతుంది. అందులో వంద నానోమీటర్ల కన్నా చిన్న రేణువులుంటాయి. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఇవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. కొన్ని నెత్తురులోనూ కలిసి గుండెకు, రక్తనాళాలకు చేటు చేయగలవు.

ఒంటికీ ఒంటికీ తేడా ఉన్న మాట నిజమే. ఆ తేడాను ఎవరు, ఎందుకు వాడుకుంటారన్నదే ప్రశ్న. అమెరికాలో బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే రైల్వే కంపెనీ, పనివల్ల మణికట్టు దెబ్బతిన్నదన్న కార్మికుల రక్తానికి వాళ్ళకు తెలియకుండా జన్యు పరీక్షలు చేయించింది. 2001లో అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు వేసింది. 2002లో కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఉద్యోగాల్లో జన్యు వివక్షను నిషేధిస్తూ 2008లో అక్కడ చట్టం వచ్చింది.

మన దగ్గర 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం కార్ఖానాలో గాలి, శుభ్రత ఉండాలన్నది. నివాస గృహాన్ని మాత్రం ఆ లెక్కలోంచి తీసేసింది. మన పని జరిగేదేమో ఇంట్లోనే!

అందుకే మనం అడగవలసినవి ఇవి: గాలి, వెలుతురు ఉన్న పని షెడ్లు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, క్రమం తప్పని బీపీ, గుండె పరీక్షలు. ఖర్చు యజమానులది. పరీక్షలో జబ్బు బయటపడ్డ మనిషి పని పోకూడదు. ఎంత దుమ్ము ఉండవచ్చో హద్దు పెట్టేటప్పుడు గట్టి ఒంటిని కాదు, తట్టుకోలేని ఒంటిని లెక్కలోకి తీసుకోవాలి.

రేపెవరైనా "నీ ఒళ్ళే అంత" అంటే, ముందు మీరు కూర్చునే చోటు వచ్చి చూడమనండి.